రాజును నిలదీసే హాస్యగాడు

కోరుట్లలో వేములవాడ బస్సెక్కి కథలాపూర్‌లో దిగండి. మాఘమాసం, పొద్దు గూకే వేళ. పసుపు తవ్వకాలు నడుస్తున్నాయి. కొమ్ములు ఉడకబెడుతున్న ఆవిరి వాసన రోడ్డు దాకా వస్తుంది. అక్కణ్ణుంచి ఆటోలో లోపలి ఊరికి పోవాలి. కలికోట, సిరికొండ, భూషణరావుపేట, దుంపేట... ఏ ఊరైనా సరే, చిందు యక్షగానం ఆట ఉన్న ఊరిని పోల్చుకోవడం కష్టం కాదు. పిల్లల చేతుల్లో చాపలు, ఖాళీ యూరియా బస్తాలు కనిపిస్తాయి. ముందు వరసలో జాగా పట్టుకోవడానికి ఉరుకుతున్నారు. వాళ్ళ వెనకే నడవండి.

కూర్చునేముందు ఒకసారి వేషాలు కట్టే చోటికి పోదాం. ఎవరూ అడ్డు చెప్పరు. చిందోళ్ళ మేళానికి ప్రత్యేకంగా గది అంటూ ఉండదు. ఇయ్యాల బడి వరండా దొరికింది. రెండు పాత చీరలు అడ్డం కట్టారు. లోపల ఒకే కుటుంబం ఉంది. తాత, అవ్వ, ఇద్దరు కొడుకులు, కోడళ్ళు, మనవలు, మనవరాళ్ళు. ఒకామె చంటిపిల్లకు పాలిస్తూనే కాళ్ళకు గజ్జెలు కట్టించుకుంటోంది. తాత సానరాయి మీద అర్దళం నూరుతున్నాడు. పసుపుపచ్చటి రాయి అది. నీళ్ళు చుక్కచుక్కగా పోస్తూ, వేలితో తీసి ముంజేతి మీద గీసి చూసుకుంటున్నాడు. పలచగా ఉంటే చెమటకు కారిపోతుంది, చిక్కగా ఉంటే తెల్లారేలోపు పెచ్చులు కడుతుంది. పాకం కుదిరాక మూడు వేళ్ళతో నుదుటి నుంచి గదవ దాకా లాగుతాడు. ఎండకు మాడిన ముఖం ఒక్క లాగుకు బంగారు రంగుకు తిరుగుతుంది. ఆపైన కాటుక, పెదాలకు ఎర్రరంగు, నుదుట నామం.

పక్కనున్న కిరీటం చేతిలోకి తీసుకోండి. మూరెడు ఎత్తు, వెడల్పాటి చట్రం, నిండా అద్దం ముక్కలు. ఎంత బరువుంటుందో అనుకుంటాం గానీ, ఎత్తితే చేతిలో ఏమీ లేనట్టే ఉంటుంది. నిర్మల్ బొమ్మలు చెక్కే పొనికి కర్రతోనే దీన్నీ చేస్తారు. భుజకీర్తులూ అంతే. రాత్రంతా ఎగరాలి, తిరగాలి, మోకాళ్ళ మీద కూలబడాలి. బరువు నెత్తిన పెట్టుకుని ఆడే ఆట కాదిది.

మూలన యాభై దాటిన అవ్వ చేతద్దంలో చూసుకుంటూ మీసం దిద్దుకుంటోంది. ఈ రాత్రి కార్యవర్ధి మహారాజు ఆమే. అర్దళం నూరుతున్న తాత ఆమె పెనిమిటి. ఆట మొదలయ్యాక హాస్యగాడు. పదేళ్ళ మనవరాలు బాలవర్ధి రాజు. ఆడేది బాలనాగమ్మ కథ.

ఆడమనిషి మీసం పెట్టుకుని రాజైందని ఈ ఊళ్ళో ఎవరూ నోరు తెరవరు. చిందు మేళాల్లో ఇది తరతరాల నుంచి ఉన్నదే. తెలుగు నాటకరంగంలో ఆడపాత్రలు ఆడవాళ్ళే వేశారని సురభి వాళ్ళను మెచ్చుకుంటాం, మెచ్చుకోవాల్సిందే. వాళ్ళ మొదటి ఆట కీచకవధ 1885లో పడింది. ఆ లెక్కల పుస్తకంలో చిందు ఆడవాళ్ళ పేరు మాత్రం ఎవరూ రాయలేదు. ఆడపాత్రలే కాదు, రాజులు, రాక్షసులు, మంత్రులు అన్నీ వాళ్ళు వేశారు. నిజామాబాద్ జిల్లా బోధన్ దగ్గరి అమ్దాపూర్‌లో బతికి 2005లో కన్నుమూసిన చిందుల ఎల్లమ్మ చిన్నతనంలోనే గజ్జె కట్టి, మగవేషాలతో కూడా జనాన్ని కూర్చున్నచోటే కట్టిపడేసింది.

ఇట్లాంటి ఆటనే సముద్రాల అవతల 1874లో న్యూయార్క్‌లోని నిబ్లోస్ గార్డెన్ అనే థియేటర్‌లో ఆడారు. దాని పేరు ఇవాంజలీన్. లాంగ్‌ఫెలో అనే కవి 1847లో రాసిన కన్నీటి కావ్యాన్ని తీసుకుని, పాటలు కట్టి, తలకిందులు చేసి నవ్వించారు. నాయకుడి వేషం ఆడమనిషిది. ఇద్దరు మనుషులు తోలు కింద దూరి ఆడించిన ఆవు ఒకటి రంగం మీద చిందులేసేది. అమెరికా జనం ఏళ్ళ తరబడి ఆ ఆటను వెంటబడి చూశారు. దాని మీద చరిత్రలు రాసుకున్నారు, ఫొటోలు దాచుకున్నారు. మన దగ్గర మీసం దిద్దుకుంటున్న ఈ అవ్వ ఇప్పటికీ ఆడుతోంది. దాచుకోవడం అటుంచి, ముందు కూర్చుని చూద్దాం.

బయటికి రండి. బొడ్రాయి ముందు ఖాళీ జాగాలో నాలుగు గుంజలు పాతి పైన టార్పాలిన్ కట్టారు. ఒకప్పుడు కాగడాల వెలుగు, తర్వాత పెట్రోమాక్స్ లైట్లు; ఇప్పుడు గుంజకొకటి ఎల్‌ఈడీ బల్బు. మూడు వైపులా జనం. ఆడవాళ్ళు ఒక పక్కన బీడీల చాటలు ఒళ్ళో పెట్టుకునే వచ్చారు. తునికాకు కత్తిరించిన ముక్కలు, తంబాకు, దారం. చూపు ఆట మీద ఉంటుంది, వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతాయి. ఒకాయన ఫోన్‌ను కర్రకు కట్టి నిలబెట్టాడు. అవతల మస్కట్‌లో అతని కొడుకు, గదిలో వాళ్ళంతా చూస్తున్నారట. ఈ ప్రాంతంలో ఏ ఆటకైనా సగం జనం ఎడారి దేశాల్లోనే ఉంటారు.

ఇద్దరు మనుషులు రెండు కొసలు పట్టుకుని తెర నిలబెట్టారు. హార్మోనియం ఊపిరి తీసింది. మద్దెల మీద మొదటి దెబ్బ పడగానే పిల్లలు సద్దుమణిగారు. గణపతికి, సరస్వతికి మొక్కు పాటలయ్యాయి. తెర మీదుగా కిరీటం కొస మాత్రం కనిపిస్తోంది. గజ్జెలు గల్లుమంటున్నాయి, మనిషి కనపడదు. తాళం పెరుగుతుంది, ఇంకా పెరుగుతుంది, అద్దం ముక్కలు తెర పైన మిలమిలా తిరుగుతాయి. గొప్ప ఎత్తుగడ ఇది. ఏ సినిమాలో నాయకుడి రాకా దీనికి సాటి రాదని నా నమ్మకం. తెర కింద పడింది. అవ్వ లేదు. మహారాజు ఉన్నాడు. రెండు చుట్లు తిరిగి, కాలు నేలకు బలంగా కొట్టి నిలబడ్డాడు. దరువు అందుకుని తన వంశం, తన కోటలు, తన కీర్తి పాడుకున్నాడు. ఆ గొంతుకు మైకు అక్కర్లేదు.

అప్పుడు జనం లోంచి, మీ పక్క నుంచే, చినిగిన కోటు, నెత్తికి వంకర టోపీ, చేతిలో విరిగిన గొడుగుతో తాత లేచాడు.

"ఆగు ఆగు. నువ్వెవలు?"

"పానుగంటి పట్నమేలే కార్యవర్ధి మహారాజును."

"మహారాజువా? రేషన్ కార్డున్నదా?"

"మహారాజుకు రేషన్ కార్డెందుకురా?"

"అది లేకుంటే ఊర్ల మనిషి కింద లెక్కనే లేదు. సరే గని, నీ రాజ్యంల వడ్ల కాంట పెడితే క్వింటాలుకు ఎన్ని కిలోలు తరుగు తీస్తరు?"

జనం భళ్ళుమన్నారు. ముందు వరసలో కుర్చీల మీద కూర్చున్న పెద్దమనుషులు కూడా నవ్వారు. ఒకరిద్దరు కొంచెం ఆలస్యంగా. రాజు కత్తి దూశాడు. తాత గొడుగు అడ్డం పెట్టాడు. "కొట్టుమరి. కొడితే రాత్రికి అన్నమెవలు పెడుతరు?" ఆ మాట రాజుకు కాదు, పెండ్లానికి. ఊరందరికీ వాళ్ళిద్దరూ ఆలుమగలని తెలుసు. మీసం కింద నవ్వు ఆపుకుంటూ అవ్వ కత్తి ఒరలో పెట్టింది. ఆడవాళ్ళ వైపు నుంచి ఈలలు.

యక్షగానానికి మన దగ్గర పెద్ద చరిత్రే ఉంది. మనకు దొరికిన పాత యక్షగానాల్లో కందుకూరి రుద్రకవి సుగ్రీవ విజయం 16వ శతాబ్దం నాటిది. జగిత్యాల దాటి గోదావరి ఒడ్డుకు పోతే ధర్మపురి. నరసింహ శతకం చెప్పిన శేషప్ప అక్కడివాడే, రామాయణాన్ని యక్షగానంగా కూడా రాశాడు. చెర్విరాల బాగయ్య రాసిన ఆటలు తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ నడుస్తున్నాయి. ఎస్వీ జోగారావు ఆంధ్ర యక్షగాన వాఙ్మయ చరిత్ర రాసి ఇవన్నీ పోగు చేశారు. ఆ పుస్తకాల్లో దరువులు దొరుకుతాయి, ద్విపదలు, కందాలు, సీసాలు దొరుకుతాయి. ఈ తాత అడిగిన తరుగు మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు. అది నిన్న సాయంత్రం ఊళ్ళో చాయ్ హోటల్ దగ్గర కూర్చుని నాలుగు చెవులతో విని తెచ్చుకున్నది. ఊరు మారితే ప్రశ్న మారుతుంది. పానుగంటి పట్నాన్ని కథలాపూర్ మండలానికి తెచ్చి నిలబెట్టేవాడు రాజు కాదు, హాస్యగాడే. మధ్యలో జనానికి నిద్ర రాకుండా కాస్త నవ్విస్తాడని అతన్ని గురించి రాసేవాళ్ళు రాస్తుంటారు. నేను ఒప్పుకోను. ఆటకు వెన్నెముక అతనే. అతను లేకపోతే ఇది ఎవరిదో రాజుగారి కథ. అతను ఉన్నాడు కాబట్టి మన పంచాయితీ.

కథ నడుస్తోంది. రాజు దండయాత్రకు పోయాడు. పసిబిడ్డ తొట్టెలో ఉన్నాడు. మాయల ఫకీరు భిక్ష కోసం వచ్చాడు. పెద్ద కొడుకు వేసిన వేషం ఇది. నల్ల కఫ్నీ, మెడలో ఎముకల దండ, చేతిలో మంత్రదండం. ఇద్దరు ముగ్గురు పిల్లలు తల్లుల కొంగు కిందికి పోయారు. రాణి బాలనాగమ్మ గడప దాటి భిక్ష వేసింది. ఫకీరు దండం తిప్పాడు. తెర ఒక్క క్షణం పైకి లేచి పడింది. బాలనాగమ్మ ఉన్నచోట నల్ల గొంగడి కప్పుకుని, తోక కట్టుకుని, నాలుగు కాళ్ళ మీద కుక్క.

ఈ కుక్కను చూడండి. లోపల ఉన్నది చిన్న కొడుకు. ఒక్క మాటా లేదు. ముందు భయపడుతుంది. తన చేతులను చూసుకుంటుంది, అవి చేతులు కావు. తొట్టె దగ్గరికి ఉరికి బిడ్డను నాకబోతుంది. పనిమనిషి చీపురు పట్టుకుని తరుముతుంది. అప్పటిదాకా కుక్కను చూసి కిలకిల నవ్విన పిల్లలు అక్కడ టక్కున ఆగిపోయారు. మీ పక్కనున్న అవ్వ బీడీ చుట్టడం మానేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సరిగ్గా అప్పుడు తాత వచ్చి కుక్క ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఎవలమ్మా నువ్వు? నిన్న గింత బంగారం మీద తిరిగినవ్, ఇయ్యాల గంజి కోసం తిరుగుతున్నవ్." కుక్క తల వాల్చింది. నవ్వుతారు, ఏడుస్తారు, ఏది ముందో తెలియదు.

ఫకీరు ఆ కుక్కను నాగళ్ళపూడి గట్టుకు తోలుకుపోయాడు. అక్కడ సంగు ఉంది, ఫకీరు ఉంచుకున్నది. వాళ్ళిద్దరి మధ్యా ఒక కొట్లాట జరుగుతుంది. లోకాన్ని గడగడలాడించే మాంత్రికుడు ఇంటికొస్తే సంగు ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు. "పొద్దుందాక ఎటు వోయినవ్? ఆ బట్టలకు బూడిదేంది? మందు మానేత్తనంటివి కదా?" సంగు వేసిన కోడలి నోటికి అడ్డు లేదు. ఈ ఘట్టాన్ని ఎంత సేపైనా సాగదీయొచ్చు, సాగదీశారు కూడా. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు, "ఇంకో రెండు తగిలియ్యవే" అంది. ఫకీరు అటు తిరిగి దండం పెట్టాడు. 1942లో జెమినీ వాళ్ళు బాలనాగమ్మను సినిమాగా తీస్తే కాంచనమాల బాలనాగమ్మ, పుష్పవల్లి సంగు, గోవిందరాజుల సుబ్బారావు మాయావి. ఆ సినిమా మహా గొప్పగా ఆడింది. కానీ తెర మీది సంగు మన వాడకట్టు ఆమె గొంతు విని బదులు చెప్పలేదు కదా. ఇక్కడ చెబుతుంది.

నడిజాము దాటింది. మంచు మొదలైంది. మక్కగారెలమ్మే ఆమె పొయ్యి చుట్టూ నలుగురు చేతులు కాపుకుంటున్నారు. పిల్లలు చాపల మీదే పడి నిద్రపోయారు. పెద్దవాళ్ళు గొంగళ్ళు కప్పారు. రాజూ, అతని అన్నదమ్ములూ వచ్చి ఫకీరు మంత్రానికి రాళ్ళయ్యారు. బాలనాగమ్మ ఒంటరిగా నోము పట్టి ఫకీరును దూరంగా నిలబెట్టింది. ఇక్కడ ఒక్కతే పాడుతుంది. హార్మోనియం తగ్గిపోయింది. బిడ్డను విడిచి ఏళ్ళు గడిచాయని పాడుతోంది, వాడి ముఖం ఎట్లా ఉందో తెలియదని పాడుతోంది. కర్రకు కట్టిన ఫోన్‌లో మస్కట్ గది నిశ్శబ్దమైంది. ఆ ఫోన్ తెచ్చిన తండ్రి దాన్ని తిప్పి, కొడుకు కాకుండా ఆట మాత్రమే కనబడేట్టు పెట్టి, తాను పక్కకు పోయి నిలబడ్డాడు. ఈ ప్రాంతంలో పిల్లల పెంపకం ఏళ్ళ తరబడి ఫోన్‌లోనే సాగిన ఇండ్లు ఎన్నో. వాళ్ళకు ఈ దరువు అర్థం చెప్పనక్కర్లేదు.

పెరిగిన కొడుకు బాలవర్ధి రాజుగా మనవరాలు దూకింది. నిద్ర కళ్ళు ఎక్కడికో పోయాయి. పదేళ్ళ పిల్ల నడుముకు కత్తి కట్టి, "మా అవ్వను తెస్త" అని కాలు కొట్టగానే, పడుకున్న పిల్లలు కూడా లేచి కూర్చున్నారు. దారిలో పూలమ్మే తంబళ్ళ పెద్ది ఇంట్లో మనవడిగా చేరాడు. ఆ ముసలి వేషం ఎవరిదనుకున్నారు? మహారాజు వేసిన అవ్వే. రాయి అయిపోయిన రాజుకు పని లేదు కదా, మీసం తీసి, చీర చుట్టుకుని వచ్చింది. నిజం మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని "ఎవలి పిల్లగానివిరా" అని అడుగుతుంటే తాత అడ్డం పడ్డాడు: "ఇందాక రాజువు గద, ఇప్పుడు పూలమ్ముకుంటున్నవ్. ఎలక్షన్ల ఓడిపోయినవా?"

తూరుపు తెల్లబడుతోంది. ఏడు సముద్రాల అవతల నుంచి చిలుక వచ్చింది. పచ్చటి గుడ్డతో కుట్టిన చిలుక, పిల్ల చేతిలో. ఫకీరు ప్రాణం దానిలో ఉంది. రెక్క విరిచింది, ఫకీరు కుడిచెయ్యి వేలాడిపోయింది. రెండో రెక్క, రెండో చెయ్యి. ఒంటికాలి మీద గెంతుతూ, పడుతూ, లేస్తూ బతిమాలాడు. "నీకు సగం రాజ్యమిస్త." హాస్యగాడు మధ్యలో దూరి, "కాయితం మీద రాసియ్యమను బిడ్డా, నోటి మాట నమ్మకు" అన్నాడు. ఫకీరు చావు ఎంత భయంగా ఉందో అంత నవ్వుగా ఉంది. చిలుక మెడ తిరిగింది. నల్ల కఫ్నీ మట్టిలో పరుచుకుంది. మద్దెల ఆగింది. హారతి పళ్ళెం జనంలోకి వచ్చింది. పది రూపాయలు, ఇరవై, ఒక వంద. మస్కట్ నుంచి ఫోన్‌పేలో అయిదొందలు వచ్చాయని తండ్రి గట్టిగా చెప్పాడు. హాస్యగాడు ఫోన్‌కు సలాం కొట్టాడు.

మీరు వెళ్ళిపోకండి. స్నానం చేసి, చాయ్ తాగి, పొద్దెక్కాక మాదిగవాడకు రండి. చిందోళ్ళు మాదిగలకు ఆశ్రిత కులం. ఈ ఊరు ఈ కుటుంబానికి మిరాశి. తాతల నుంచి వస్తున్న హక్కు. ఏటా వచ్చి ఆడాలి, మాదిగలు త్యాగం ఇచ్చుకోవాలి. పగటిపూట ఆడేది జాంబపురాణం. పెద్ద కొడుకే ఇప్పుడు గోసంగి. రాత్రి ఫకీరుగా చచ్చిన మనిషి ఇప్పుడు ఆదిపురుషుడు జాంబవంతుడి గొంతుతో మాట్లాడుతున్నాడు. ఎదురుగా బ్రాహ్మణ వేషం. ఎవరు ముందు పుట్టారు, ఎవరు ఎవరికి పెద్ద అని వాదం. బ్రాహ్మణుడు అడుగుతాడు, గోసంగి జవాబు చెబుతాడు. నీళ్ళు లేని నాడు, నేల లేని నాడు, సూర్యచంద్రులు లేని నాడు తానున్నానంటాడు. చిందు ఇప్పుడు రాత్రి కంటే బరువుగా పడుతోంది. వాడలో ముసలివాళ్ళు ఒక్కో జవాబుకూ తల ఊపుతున్నారు. రాత్రి బొడ్రాయి దగ్గర కుర్చీల్లో కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడికి రాలేదు. రాత్రి హాస్యగాడు గొడుగు తిప్పుతూ నవ్వుల్లో అడిగింది, పగలు గోసంగి కత్తి పట్టుకుని నవ్వకుండా అడుగుతున్నాడు. రెండూ చూడకపోతే ఆట సగమే చూసినట్టు.

2024లో జనగామ జిల్లా చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది. ఆ రోజు చిందు కుటుంబాలన్నీ పండగ చేసుకున్నాయి. గౌరవం వచ్చింది గానీ, రాత్రంతా ఆడించే ఊళ్ళు తగ్గుతున్నాయి. మరుగుదొడ్ల మీద, ఓటు హక్కు మీద, పది నిమిషాల ఆట ఆడమని పిలుస్తారు. పొనికి కిరీటం పెట్టుకుని పథకం పేరు చెప్పి దిగిపోవాలి. కూలి గిడుతుంది కాబట్టి పోతారు, పోవాలి కూడా. కానీ పది నిమిషాల్లో కుక్క తన చేతులను చూసుకోలేదు. పది నిమిషాల్లో ఫకీరు సంగు ముందు చేతులు కట్టుకోలేడు. హాస్యగాడికి ఊరి ముచ్చట వినే టైమే ఉండదు.

మధ్యాహ్నం ట్రాలీ ఆటోలో పెట్టెలు ఎక్కిస్తున్నారు. త్యాగం కింద వచ్చిన బియ్యం రెండు సంచులు, హార్మోనియం, మద్దెల, చీరల మూట. రుద్రంగి వైపు ఊరి నుంచి ఒక యువజన సంఘం పిల్లగాడు బైకు మీద వచ్చాడు. జాతరకు ఆట కావాలట. అవ్వ ముఖం మీద ఇంకా అర్దళం మరకలున్నాయి.

"గంటన్నర ఆడితే చాలు అవ్వా. తర్వాత డీజే ఉన్నది."

"గంటన్నరల మా రాజు రానే రాడు బిడ్డా."

"పోనీ రెండు గంటలు?"

అవ్వ తాత వైపు చూసింది. తాత సంచి మూతి కడుతూనే అన్నాడు, "మీ ఊర్ల వడ్ల పైసలు పడ్డయా?"

"ఏడ పడ్డయి తాతా, నెలన్నర ఆయె."

"అయితే రాత్రంతా పెట్టు. అడిగేటియి చానా ఉన్నయి."

పిల్లగాడు నవ్వి ఫోన్ తీసి, ఎవరితోనో మాట్లాడటానికి చెట్టు కిందికి పోయాడు.